కాజీపేట బేకరీలో క్రొయేషియా రొట్టె

నేను చేయించుకున్న క్రొయేషియా రొట్టె మొదటిసారి దిల్‌పసంద్ అయింది, అంటే మన బేకరీల్లో టూటీ ఫ్రూటీ కూరి చేసే గుండ్రటి రొట్టె. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత రాయబోయే మెప్పును మీరు నమ్ముతారని మొదట్లోనే పెడుతున్నాను.

బేకరీ కాజీపేటలో, రైల్వే క్వార్టర్లకు వెళ్లే దారిలో ఉంది. పేరు రాయను. మొదటి రొట్టె కథ బయటపెట్టాక పేరు కూడా రాస్తే బాగుండదు. ఆ పక్క తిరిగేవాళ్లకు పేరు లేకుండానే తెలిసిపోతుంది. గాజు అరల్లో ఎగ్ పఫ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు, క్రీమ్ రోల్స్, దిల్‌పసంద్... ఏడాది పొడవునా అదే సరుకు. డిసెంబరు మొదలైతే మాత్రం దుకాణం వేషం మారుతుంది. ఫాతిమా నగర్ చర్చికి వెళ్లేవాళ్లు, రైల్వే కుటుంబాలవాళ్లు ప్లమ్ కేకులకు, గులాబి పూల పిండివంటకు ముందుగా డబ్బు కట్టి వెళతారు. ఒక పాత లెక్కల పుస్తకంలో వాళ్ల పేర్లు వరుసగా ఉంటాయి. అందులో నా వంతుకు యజమాని రాసుకున్నది ఇది: "అక్రోటు చుట్ట, టీచరమ్మ, అమెరికా పాప."

నేను అడిగింది పోవితిత్స అనే రొట్టె. క్రొయేషియా వాళ్లు క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు చేసుకుంటారు. పాలు, వెన్న, గుడ్లు, ఈస్టు వేసి కలిపిన మైదా ముద్దను బల్ల మీద పరిచిన గుడ్డపై పెట్టి, కింది గుడ్డ కనిపించేంత పల్చగా సాగదీస్తారు. దాని మీద అక్రోట్ల ముద్ద పూసి, చాప చుట్టినట్టు చుట్టి, ఆ పొడుగాటి చుట్టను మళ్లీ మడిచి రేకు అచ్చులో సర్ది కాలుస్తారు. కోస్తే లోపల తెలుపు, గోధుమరంగు చారలు సుడులు సుడులుగా కనిపించాలి. సుడులు లేకపోతే అది అక్రోటు బన్ను.

హనుమకొండలో జిల్లా పరిషత్తు బడిలో సైన్సు చెప్పి రిటైరైన దానికి ఈ రొట్టెతో ఏం పని అంటారేమో. పని నాది కాదు, మా మనవరాలిది. అమెరికాలో బడులకు సెలవులిచ్చేది క్రిస్మస్‌కు. మనకు సంక్రాంతి వచ్చేసరికి పిల్లలు తిరిగి వెళ్లి తరగతిలో కూర్చుని ఉంటారు. అందుకని కొన్నేళ్లుగా మా ఇంట్లో సంక్రాంతి డిసెంబరులోనే వచ్చి పోతోంది. కొత్త బియ్యం అప్పటికే ఇంటికి చేరతాయి కాబట్టి సకినాలకు అడ్డేమీ లేదు, పంచాంగం మాత్రం మా లెక్కకు ఒప్పుకోదు. ఈసారి బయలుదేరే ముందు ఆ పిల్ల ఫోనులో, "అమ్మమ్మా, క్రిస్మస్‌కు అక్కడ పోవితిత్స దొరుకుతుందా?" అని అడిగింది. తొమ్మిదేళ్ల పిల్ల. సకినాల మాట ఎత్తలేదు. నాకు కొంచెం గుచ్చుకున్న మాట నిజం.

ఈ రుచి దానికి అంటుకున్నది పక్కింట్లో. మా అమ్మాయి వాళ్లు ఉండేది కాన్సస్ సిటీలో. ఆ పేరుతో ఆనుకొని రెండు ఊళ్లున్నాయి, ఒకటి కాన్సస్ రాష్ట్రంలో, ఇంకొకటి సరిహద్దుకు అవతల మిస్సోరీలో. కలిసి ఉన్న ఊరికి రెండు పరిపాలనలేమిటని నవ్వబోయి, మన వరంగల్, హనుమకొండ రెండు వేరు జిల్లాలన్న సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను. వాళ్ల పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. నాకంటే ఐదారేళ్లు పెద్ద. ఆవిడ నానమ్మ వందేళ్లకు ముందే క్రొయేషియా నుంచి వచ్చింది. కాన్సస్ నది ఒడ్డున స్ట్రాబెర్రీ హిల్ అని ఒక కొండ ఉంది. అక్కడి మాంసం ప్యాకింగ్ కర్మాగారాల్లో పనికి వచ్చిన క్రొయేషియా వాళ్లు ఆ కొండ మీద ఇళ్లు కట్టుకున్నారు, 1900లో సెయింట్ జాన్ పేరుతో చర్చి పెట్టుకున్నారు. తర్వాత హైవే వేసినప్పుడు చాలా ఇళ్లు పోయాయి, వాటితో పాటు వాళ్ల ఇల్లు కూడా పోయిందట. ఇప్పుడు కుటుంబంలో ఎవరూ ఆ కొండ మీద లేరు.

ఆవిడకు వచ్చిన క్రొయేషియా భాష మూడు మాటలు. బాకా అంటే నానమ్మ, అమ్మమ్మ కూడా. వాళ్లకు మనలా రెండు మాటలు లేవు. స్రెతన్ బోజిచ్ అంటే క్రిస్మస్ శుభాకాంక్షలు. మూడోది రొట్టె పేరు. క్రొయేషియా నేలను ఎప్పుడూ చూడలేదు. ఇవాళ క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో ఇదే రొట్టెకు ఒరెహ్న్యాచ అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది, ఒరాహ్ అంటే అక్రోటు కాబట్టి. కొండ మీది వాళ్లు మాత్రం తమ ముసలమ్మల నోట విన్న మాటే పట్టుకున్నారు. పోవితి అంటే చుట్టడం, పసిబిడ్డను బట్టలో చుట్టడానికి కూడా అదే మాట. ఆవిడ ఇది చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. మనం సకినాలను చేయడం అనం కదా, చుట్టడం అంటాం.

నేను అక్కడ ఉన్న శీతాకాలంలో ఆవిడ నన్ను సాయానికి పిలిచింది. సాయం అన్నది మర్యాద మాట, నేను చేసింది చూడటమే. భోజనాల బల్ల మీద నీలి పూల గుడ్డ పరిచి, మైదా చల్లింది. ఉంగరం తీసి టీ కప్పులో వేసింది. గోళ్లు కత్తిరించుకొని వచ్చిందని అప్పుడు గమనించాను. ముద్దను మధ్యలో పెట్టి, చేతులు దాని కిందకు పోనిచ్చి, పిడికిళ్ల వెనుక వైపుతో మధ్య నుంచి అంచులకు లాగుతూ బల్ల చుట్టూ తిరిగింది. ఒక్కచోట నిలబడి లాగదు, తిరుగుతూనే ఉంటుంది. మా అత్తమ్మ సకినాలు చుట్టేటప్పుడు గుడ్డ అంచు వెంబడే కూర్చుని జరిగినట్టు. పిండి ముందు చపాతీ అంత, తర్వాత పీట అంత, ఆఖరికి బల్ల అంచులు దాటి కిందకు వేలాడింది. నీలి పూలు ఒక్కొక్కటే పిండిలోంచి తేలాయి. అన్ని పూలూ కనిపిస్తే చాలట, అదే కొలత. అంచుల్లో మిగిలిన దళసరి పిండిని కత్తిరించి నూనెలో వేయించి, పైన చక్కెర చల్లి మా మనవరాలి చేతిలో పెట్టింది. ఆ ముక్కలంటే దానికి రొట్టె కంటే ఇష్టం.

అదే రోజు ఒక పాత కాగితం చూపించింది. నానమ్మ ఓడ దిగినప్పటిది. పుట్టిన దేశం దగ్గర ఆస్ట్రియా అని ఉంది. 1918 వరకు క్రొయేషియా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగం, ఆ తర్వాత యుగోస్లావియా, సొంత దేశమైంది 1991లో. అంటే ఆ ముసలమ్మ తనది అనుకున్న దేశం పేరు ఆమె కాగితాల్లో ఎక్కడా లేదు. నాకు వింత అనిపించలేదు. మా నాన్న బడి సర్టిఫికెట్టు ఉర్దూలో ఉంటుంది, నిజాం పాలనలోది. ఆయన హనుమకొండలో ఇల్లు మారకుండానే 1948 తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో, 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాడు. బతికి ఉంటే 2014లో మళ్లీ మారేవాడు. ఈ ముక్క చెబితే ఆవిడ నవ్వి, "అయితే మీ నాన్న కూడా వలస వచ్చినవాడే" అంది. తిరిగి ఏం అనాలో నాకు తోచలేదు.

ఇక బేకరీ సంగతి. డిసెంబరు రెండో వారంలో వెళ్లి, ఫోనులో ఫొటోలు చూపించి, కొలతలు తెలుగులో రాసిచ్చాను. యజమాని నలభై దాటిన మనిషి. శ్రద్ధగా విన్నాడు. "చుట్టే కదా టీచరమ్మా, చేసిద్దాం" అన్నాడు. ఆ "చుట్టే కదా" దగ్గరే నాకు అనుమానం రావలసింది.

రెండు రోజుల తర్వాత చేతికి వచ్చింది గుండ్రటి రొట్టె. పిండిని కర్రతో పావు అంగుళం మందాన వత్తి, అక్రోట్లను దంచకుండా ముక్కలుగా పోసి, నేను అడగని టూటీ ఫ్రూటీ కూడా జల్లి, ఒక్క చుట్టు చుట్టి కాల్చారు. వెన్న బదులు వనస్పతి, అది నోటి పైకప్పుకు అంటుకుని చెప్పేసింది. కోస్తే చార లేదు, సుడి లేదు. మధ్యలో నల్లటి బొంత ఒకటి. దిల్‌పసంద్ అనుకొని తింటే మంచి దిల్‌పసంద్, నేను రెండు ముక్కలు తిన్నాను కూడా. షుగరు ఉన్న మా ఆయన, పరీక్ష చేయాలి కదా అంటూ మూడు తిన్నారు. యజమాని మాత్రం నా ముఖం చూసి డబ్బు తీసుకోలేదు. "మీరు అడిగిన చుట్టే చుట్టాను కదా?" అని చిన్నబోయాడు. ఆ మనిషి తప్పు కాదు. ఒక చుట్టుకు, ఎనిమిది చుట్లకు ఉన్న తేడా కాగితం మీద రాస్తే తెలిసేది కాదు. గుడ్డ కావాలి, బల్ల కావాలి, చూసిన మనిషి పక్కన నిలబడాలి.

గుడ్డ దగ్గర నాకో ఇబ్బంది వచ్చింది. మా ఇంట్లో సకినాల గుడ్డ ఒకటి ఉంది. అత్తమ్మ నాటిది, ఉతికి ఉతికి మెత్తబడిన తెల్ల నూలు గుడ్డ. ఏటా దాని మీద ముందు పిండి గౌరమ్మను పెట్టి, పసుపు, కుంకుమ అద్దిన తర్వాతే మొదటి సకినం చుట్టాలి. పోవితిత్స పిండిలో గుడ్లు ఉంటాయి. అత్తమ్మ గుడ్డకు గుడ్డు తగలనిస్తానా? ఆవిడ లేదు, ఎవరూ అడగరు, నాకు కూడా పెద్ద పట్టింపులు లేవు. అయినా చెయ్యి రాలేదు. వరంగల్ వెళ్లి రెండున్నర మీటర్ల తెల్ల గుడ్డ కొత్తది కొన్నాను. గంజి పోయేదాకా రెండు సార్లు ఉతికాను. అక్రోట్లు కూడా అప్పుడే అరకిలో తెచ్చాను, ఆరు వందలు. కొనేముందు ఒకటి కొరికి చూడండి. పాతబడిన అక్రోటు చేదుగా ఉంటుంది, ఎంత తేనె పోసినా ఆ చేదు దాగదు.

గసగసాలతో కూడా ఈ రొట్టె చేస్తారు, దాన్ని మకోవ్న్యాచ అంటారు. మనకు గసగసాలు మసాలా, వాళ్లకు మిఠాయి. యజమానికి ఈ ఊహ బాగా నచ్చింది కానీ, దుబాయిలో ఉన్న వాళ్ల తమ్ముడికి పంపవచ్చా అని అడిగితే వద్దే వద్దన్నాను. గల్ఫ్ దేశాల్లో గసగసాలు నిషేధం, పట్టుబడితే జైలే. జగిత్యాల, కరీంనగర్ పక్క నుంచి వెళ్లేవాళ్ల పెట్టెల్లో సకినాలు ఎన్ని కిలోలున్నా భయం లేదు, గసగసాల పొట్లం ఒక్కటి కూడా ఉండకూడదు.

ఈ మధ్యలో గోధుమల గొడవ ఒకటి. డిసెంబరు 13న సెయింట్ లూసీ పండుగ. ఆ రోజు క్రొయేషియా ఇళ్లలో పళ్లెంలో గోధుమలు చల్లి మొలకలు పెంచుతారు. క్రిస్మస్‌కు అవి పచ్చగా లేస్తే వాటికి వాళ్ల జెండా రంగుల రిబ్బను, అంటే ఎరుపు, తెలుపు, నీలం కట్టి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి బల్ల మీద పెడతారు. పక్కింటావిడ మా మనవరాలికి ఇది కూడా నేర్పింది. పిల్ల విమానం ఎక్కాల్సి ఉంది కాబట్టి ఆ పని నా మీద పెట్టింది. స్టీలు పళ్లెంలో గోధుమలు పోసి, తడి చల్లి వంటింటి కిటికీలో పెట్టాను. నాలుగో రోజు మాకు పాలు పోసే ఆవిడ చూసింది. ఆవిడది తండా. "తీజ్ శ్రావణంలో కదా టీచరమ్మా, ఇప్పుడు పోశారేమిటి?" అని అడిగింది. లంబాడీ ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో పెంచే గోధుమ మొలకలు అచ్చం ఇవే. ఎవరి పండుగో చెప్పాను. ఆవిడ పళ్లెం అటూ ఇటూ తిప్పి చూసి, "బుట్టలో పోస్తే బాగా లేస్తుంది, స్టీలులో నీళ్లు నిలుస్తాయి" అని సలహా ఇచ్చి వెళ్లింది. నిజమే, అడుగున కొన్ని గింజలు మురిగాయి. మిగిలినవి మన వేడికి పండుగ నాటికి జానెడు దాటి పక్కకు వాలిపోయాయి. మనవరాలి జడ రిబ్బనుతో నిలబెట్టాము.

రెండో రొట్టెకు 23వ తేదీ మధ్యాహ్నం వెళ్లాము, నేను, మనవరాలు, గుడ్డ. క్రిస్మస్ రద్దీ మధ్యలో మాకు స్టీలు బల్ల ఒకటి ఖాళీ చేసి ఇచ్చారంటే అది చిన్న మర్యాద కాదు. పిండి ఉదయమే కలిపించాను. చలికి పొంగడం ఆలస్యమవుతుందని పొయ్యి పక్కన రెండున్నర గంటలు పెట్టించాను. ఈస్టు జీవి అని ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, అది చలికి ముడుచుకుంటుందని ఒక బేకరీ వాడికి చెప్పవలసి రావడం తమాషాగా ఉంది. నిజానికి చెప్పనవసరం లేదు, అతనికి తెలుసు. నా నోరు ఊరుకోదు.

యజమాని పిడికిళ్లతో లాగడానికి ప్రయత్నించాడు, పిండి వెనక్కి ముడుచుకుంది. ఇంకో పావుగంట తడి గుడ్డ కప్పి వదిలేయమన్నాను. అప్పుడు లోపలి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇంతకుముందు ఏదో హోటల్లో పరోటాలు కొట్టేవాడట. కాసేపు చూసి, చేతులు కడుక్కొని, పిండి కిందికి చేతులు పోనిచ్చాడు. నేను ఏమీ చెప్పలేదు. పరోటాకు నూనె, దీనికి మైదా, అంతే తేడా. మధ్య నుంచి అంచులకు, మళ్లీ మధ్యకు, బల్ల చుట్టూ తిరుగుతూ లాగాడు. ఎక్కడ దళసరిగా ఉందో కళ్లతో కాదు, వేళ్ల వెనుకతో చూస్తున్నాడు. మా గుడ్డ మీద పూలు లేవు కాబట్టి కొలతకు మనవరాలు తన చేతిని గుడ్డ కిందకు పోనిచ్చి వేళ్లు ఆడించింది. ఐదు వేళ్లూ కనిపించాయి. రెండుచోట్ల చిరిగింది, యజమాని భార్య అంచు నుంచి ముక్క తెంపి అతికింది.

అక్రోట్లను పొడి చేసి, వేడి పాలు, చక్కెర, తేనె, వెన్న, గుడ్డు, దాల్చిన చెక్క కలిపిన ముద్దను గోరువెచ్చగా ఉండగానే పూయాలి. చల్లబడితే గట్టిపడి పిండిని చింపుతుంది. తర్వాత నేనొక మూల, మనవరాలొక మూల గుడ్డ పట్టుకుని మెల్లగా పైకి ఎత్తాము. పిండి తన మీద తానే పడుతూ, దొర్లుతూ, ఇవతలి అంచు దాకా వచ్చేసింది. చేత్తో తాకే పని లేదు. బేకరీలో ఉన్న నలుగురూ ఒకేసారి "అబ్బ" అన్నారు. ఆ చుట్టను అచ్చులో మడిచి పెట్టి, పుల్లతో అక్కడక్కడా పొడిచారు. ఆవిరి పోకపోతే పై పొర లేచి లోపల డొల్ల పడుతుంది. 175 డిగ్రీల దగ్గర గంటకు కొంచెం ఎక్కువే కాలింది.

ఇప్పుడు తీర్పు. తూకం వేస్తే కిలోన్నరకు కొంచెం తక్కువ. రాత్రంతా చల్లారనిచ్చి ఉదయం తిరగేసి కోశాను, పై పొర విరగకుండా ఉండాలంటే అలాగే కోయాలి. మొదటి ముక్కలో ఏడు చుట్లు లెక్కపెట్టాను, మధ్య ముక్కల్లో ఎనిమిది. గీతలు సకినంలా గుండ్రంగా కాదు, పాత పుస్తకాల అట్ట లోపల ఉండే రంగుల కాగితంలా మెలికలుగా ఉన్నాయి. అక్రోటు వంతు ఎక్కువ, తీపి తగుమాత్రం. పిండి మెత్తగా, మీగడ వాసనతో ఉంది.

లోపాలు ఉన్నాయి. దాల్చిన చెక్క రెండింతలు పడింది, తిన్న తర్వాత నాలుక మీద అదొక్కటే మిగిలింది. అడుగున మధ్యలో వేలెడు మేర సరిగా కాలలేదు. అచ్చు వాళ్ల బ్రెడ్డు అచ్చు, లోతు ఎక్కువ. ఈసారి తక్కువ లోతుది వాడాలని యజమానికి చెప్పాను. పైన గుడ్డు సొన పూయడం వల్ల మెరిసింది కానీ రంగు కొంచెం నల్లబడింది. ప్లమ్ కేకుల అట్టపెట్టెలో పట్టక పాత పేపరులో చుట్టి ఇచ్చారు. అది నాకు నచ్చింది, పొగిడితే మాత్రం అదే అలవాటు చేసుకుంటారు. ధర: అక్రోట్లు మనవే ఇస్తే, మిగతా సరుకు, చేతి కూలి కలిపి ఐదు వందలు. అంటే మొత్తం పదకొండు వందలు. ఆ శ్రమకు తక్కువే.

మనవరాలు ముందు వాసన చూసింది. తర్వాత సుడిని బయటి చుట్టు నుంచి లోపలికి విప్పుతూ తింది, సకినాన్ని కూడా ఆ పిల్ల అలాగే తింటుంది, ఒక్కో చుట్టు విరిచి. సగం తిన్నాక, "ఇది పరోటా అన్నయ్య పోవితిత్స" అంది. బాగుందని కాదు, బాగాలేదని కాదు. పక్కింటావిడది ఒకటి, ఇది ఇంకొకటి, అంతే. రెండో ముక్క అడిగింది. ఫొటో తీసి ఆవిడకు పంపితే అక్కడ రాత్రయినా వెంటనే జవాబు వచ్చింది: "అంచులు ఏం చేశారు?" అంచుల సంగతి మేం మరిచిపోయాం. మర్నాడు అడిగితే తెలిసింది, పరోటా కుర్రాడు వాటిని అప్పుడే నూనెలో వేయించి టీతో తినేశాడట. ఎవరూ చెప్పలేదు అతనికి.

సకినాల మాట చెప్పకపోతే ఈ రాత పూర్తి కాదు. నేను అమెరికా వెళ్లిన ఏడాది మా అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లిన సకినాల్లో ఓ డజను ఆ పక్కింటావిడకు ఇచ్చాను. ఓమ వాసన ఆవిడకు కొత్త. అయినా కాఫీలో ముంచుకుని తింది. అది చూడటం నాకు కొంచెం కష్టంగానే ఉండింది. రెండు రోజులకు వాళ్ల ఇంటికి వెళితే క్రిస్మస్ చెట్టుకు ఎర్ర దారంతో ఒక సకినం వేలాడుతోంది. దాని పక్కన లిత్సితార్ అనే ఎర్రటి తేనె రొట్టె గుండె. మధ్యలో చిన్న అద్దం, చుట్టూ తెల్ల చక్కెర గీతలు. ఉత్తర క్రొయేషియాలో తయారుచేసే ఆ గుండెల పనితనాన్ని 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆవిడ దాన్ని కొన్నది మాత్రం కాన్సస్‌లోనే. సకినం గట్టిది కాబట్టి జనవరి 6న చెట్టు తీసేదాకా చెక్కు చెదరలేదట. బజారులో దొరికే సకినాలు అలా నిలబడవు. నూనెలో త్వరగా తీయడం కోసం చుట్లు వదులుగా చుడతారు, పట్టుకుంటే రాలిపోతాయి. ఏ దుకాణమని అడగకండి, అన్నీ అంతే.

బేకరీకి వెళ్లాలనుకునేవారికి: ప్లమ్ కేకు వాళ్లది నిరుడు కంటే ఈసారి బాగుంది, గులాబి పూలు ఎప్పుడూ బాగుంటాయి. పోవితిత్స బోర్డు మీద ఉండదు, అడగాలి. డిసెంబరు 15 లోపల చెప్పండి, తర్వాత వాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. దాల్చిన చెక్క చెంచాలో సగం చాలని గట్టిగా చెప్పండి. పరోటా కుర్రాడు ఉన్న పూట చూసుకుని వెళ్లండి, మంగళవారం అతనికి సెలవు. పోవితిత్స అన్న పేరు యజమాని నోట్లో తిరగడం లేదు, "అక్రోటు చుట్ట" అంటే చాలు. గుడ్డ తీసుకెళ్లాల్సిన పని లేదు. మాది అక్కడే ఉతికి, పొయ్యి వెనుక తీగ మీద ఆరేశారు. వచ్చే ఏడాదికి అక్కడే ఉండనివ్వమని యజమాని భార్య అడిగితే సరే అన్నాను.